అమ్మ ఎక్కిన బస్సు

మా నాన్న సిటీ బస్సు డ్రైవరు. ఉద్యోగమున్నన్నాళ్ళూ ఊరందరినీ మోశాడు గానీ, అమ్మను మాత్రం ఒక్కసారైనా తన బస్సు ఎక్కనివ్వలేదు. ఆమె స్టాపులో కనిపిస్తే వెనక బస్సులో రమ్మని సైగ చేసేవాడు. "మనవాళ్ళు బస్సులో ఉంటే డ్రైవరు కళ్ళు రోడ్డు మీద ఉండవు" అనేవాడు. "సాకులకేం తక్కువ!" అని అమ్మ ఉడుక్కునేది. పోయిన నెల ఆయన రిటైరయ్యాడు. అమ్మ కోరిక అలాగే మిగిలిపోయింది.

రిటైరైన మనిషి ఇంట్లో ఊరుకుంటాడా? వంటింట్లో ఇద్దరం నిలబడితే చాలు, "లోపలికి జరగాలి, లోపలికి జరగాలి" అని ఒకటే కేకలు. ఆ పోరు పడలేక నేనూ తమ్ముడూ ఆయనకు బస్సు నడిపే కంప్యూటర్ గేమ్ చూపించాం. స్టీరింగ్ పట్టుకుని ఒక్క నిమిషం చూసి లేచిపోయాడు.

"పక్కలు కనపడని బండి నేను నడపను. నేనేమన్నా గంతలు కట్టిన గుర్రాన్నా?"

అందుకని ఆదివారం పొద్దున్నే మూడు మానిటర్లు సమకూర్చాం. నాదొకటి, తమ్ముడిదొకటి, వాడి స్నేహితుణ్ణి బతిమాలి తెచ్చింది ఇంకొకటి. అందులో ఒకటి పొట్టిది, దాని కింద పీట వేశాం. పక్క రెండింటినీ తలుపు రెక్కల్లా లోపలికి తిప్పాం. వైర్లు పెట్టింది నేనే.

"ఏది ఏ పక్కదో చూసుకో అక్కా," అన్నాడు తమ్ముడు.

"నాకు నేర్పొచ్చావా? పోయి స్టీరింగ్ బిగించు," అని కసిరాను.

ఆన్ చేసేసరికి బల్ల మీదంతా రోడ్డు పరుచుకుంది. నాన్న మొహం వెలిగిపోయింది. అమ్మ తల దువ్వుకుని, హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుని మరీ వచ్చి, ఆయన వెనక స్టూలు వేసుకుంది.

"ఈ బస్సైనా ఎక్కనిస్తారా?"

"దీంట్లో ప్రమాదమేముంది, కూర్చో."

మొదటి స్టాపు దగ్గర తలుపు వైపు చూసిన నాన్న అదిరిపడి బ్రేకు తొక్కాడు. అటు నుంచి ఎదురుగా లారీలు వస్తున్నాయి.

"ఎవరే నా బస్సుకి నడిరోడ్డు మీదికి తలుపు పెట్టింది?"

తమ్ముడు నా వంక చూశాడు. నేను కిటికీ వంక చూశాను. పక్క తెరల వైర్లు తారుమారయ్యాయి. బల్ల కిందికి దూరి మార్చి, లేస్తూ తల ఠంగుమని కొట్టుకున్నాను. "లోపలికి జరగాలి," అన్నాడు తమ్ముడు.

ఇక నాన్నను పట్టడం ఎవరి తరం? ఈ పక్కా ఆ పక్కా చూసుకుంటూ, హారన్ మోగిస్తూ, లేని లారీవాణ్ణి నోరారా తిడుతూ నడిపాడు. అమ్మ ఆయన కుర్చీ పట్టుకుని మలుపు మలుపుకీ ఒరుగుతోంది. మా ఇంట్లో అంత నవ్వు విని ఎన్నాళ్ళయిందో!

బస్సు సొరంగంలోకి దూరింది. మూడు తెరలూ నల్లబడి, నడిమి దాంట్లో అమ్మ మొహం కనిపించింది, చిన్నపిల్లలా నవ్వుతూ. నాన్న దాన్నే చూశాడు. సొరంగం దాటి మళ్ళీ వెలుగొచ్చాక తల వెనక్కి తిప్పి మరీ చూశాడు. స్టాపు వచ్చింది. దిగేవాళ్ళు గంట కొట్టారు. స్టాపు వెళ్ళిపోయింది.

"స్టాపు దాటిపోయింది డ్రైవరుగారూ," అంది అమ్మ.

నాన్న చెవులు ఎర్రబడ్డాయి. "చెప్పానా మరి? మనవాళ్ళు ఎక్కితే ఇంతే," అని గొణిగాడు.

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తలకు తగిలిన దెబ్బ వల్లేనని తమ్ముడికి చెప్పాను.

"ఇన్నాళ్ళూ సాకనుకున్నాను," అంది అమ్మ, హ్యాండ్‌బ్యాగు ఒళ్ళోకి లాక్కుంటూ. "ఇక నేను దిగను. చివరి స్టాపు దాకా పోనివ్వండి."