పూజలో ఉన్న కంప్యూటరు

కోస్గిలోని ఆ చిన్న దవాఖానలో డాక్టరు సారుది మందులు రాయడం వరకే. ఎవరికి షుగరు, ఎవరికి గర్భం నిలవలేదు, ఎవరికి ఏ సూది పడదు, అన్నీ కంప్యూటరులోకి ఎక్కించేది నిరోష. దాని పాస్‌వర్డ్ సారుకు కూడా సరిగ్గా గుర్తుండదు.

ఎండాకాలంలో హైదరాబాదు నుంచి ఒకతను వచ్చాడు. ఈ వివరాలన్నీ క్లౌడ్‌లో పెట్టుకుంటే ఎక్కడున్నా ఫోన్లో చూసుకోవచ్చని చెప్పాడు.

"మబ్బులనా? పాలమూరోళ్లం, మబ్బును నమ్మి విత్తనం పెట్టి ఎన్నిసార్లు ఆగమైనమో మాకెరుక," అని నవ్వింది నిరోష.

సారు మాత్రం మెత్తబడ్డాడు. "ఏమంటవ్ నిరోషా? పని చేసేది నువ్వు."

"వద్దు సార్. మనోళ్ల ముచ్చట మన అర్రలనే ఉండాలె. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అయితది."

ఇది వట్టి మొండితనం అనుకుంటే పొరపాటు. ఆమె చిన్నమ్మ కూతురు మల్లిక రక్తపరీక్ష రిపోర్టును ఏదో ల్యాబులో ఎవడో ఫోటో తీసి వాట్సాప్‌లో తిప్పాడు. ఖాయమైన పెళ్లి తప్పిపోయింది. ఆ పిల్ల ఇప్పటికీ గడప దాటదు. అది చూసిన మనిషి భయాన్ని తప్పుపట్టే నోరు ఎవరికుంది? సారు ఊరుకున్నాడు.

దసరా వచ్చింది. పొద్దున్నే నిరోష కంప్యూటరుకు పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, కరెంటు తీసేసింది. పూజ చేసిన పనిముట్టును మర్నాటిదాకా ముట్టరాదు. రైతు నాగలి ముట్టడు, దర్జీ మిషను తొక్కడు. దవాఖానకు తాళం వేసి ఆత్మకూరులో తల్లిగారింటికి బస్సెక్కింది. రెండో తాళంచెవి ఎప్పుడూ పక్కింట్లో ఉండే ఓనరు అబ్దుల్ ఖాదర్ దగ్గరే ఉంటుంది.

అందరూ జమ్మికి బయలుదేరుతుండగా ఫోన్ మోగింది. గొర్లు కాసే పరశురాములు.

"అక్కా, అమ్మకు జోరు జరం. పాలమూరు పెద్ద దవాఖానకు తెచ్చిన. పోయినేడు మీకాడ సూది పడక ఒళ్లంత ఉబ్బింది గదా, గా సూది ఏదని డాక్టర్లు అడుగుతుండ్రు. నువ్విచ్చిన చీటీ మందకాడ యాడనో పోయింది."

అతని తల్లి నర్సింగమ్మను మరిచిపోవడం ఎలా? దవాఖానకు వచ్చినప్పుడల్లా కొంగున కట్టుకొచ్చిన పల్లికాయ నిరోష ఒళ్లో పోసేది. ఆ రోజు ఆమెకు రెండు సూదులు వేశారు, ఒకటి నొప్పికి, ఒకటి జ్వరానికి. ముఖం ఉబ్బి, ఊపిరాడక, చావు అంచుదాకా పోయి వచ్చింది. ఏ సూది వల్లో సారు చెప్పాడు, నిరోష ఎక్కించింది. ఏది?

సారు ఫోన్ కలవలేదు. ఖాదర్‌కు చేసింది.

"ఫికర్ చెయ్యకు బేటీ, ఇప్పుడే తాళం తీస్త. మా బిడ్డ అల్మాస్ ఉన్నది, చూసి చెప్తది. జర పాస్‌వర్డ్ చెప్పు."

పాస్‌వర్డ్ చెప్పడానికి నిరోషకు మనసొప్పలేదు. పూజలో ఉన్న యంత్రం, అది ఒకటి. అంతకంటే పెద్దది, ఆ ఒక్క మాట చెబితే ఊరి గుట్టంతా ఆ పిల్ల ముందు పరిచినట్టే. అల్మాస్ మంచి పిల్లే. ఆ ల్యాబులో వాడు కూడా ఎవరికో మంచి పిల్లవాడే.

"వద్దు చాచా. నాకు యాదికున్నది," అంది.

పరశురాములుకు చేసింది. "నొప్పి సూది పడదు. జరం సూది ఏసినా ఏం గాదు. డాక్టరుకు గట్లనే చెప్పు."

చెప్పేటప్పుడు ఆమె గొంతు తడబడలేదు. తడబడి ఉంటే అక్కడి డాక్టర్లు ఇంకోసారి ఆలోచించేవాళ్లేమో.

పొద్దుగూకక ముందే మళ్లీ ఫోన్ వచ్చింది. నర్సింగమ్మ ప్రాణం పోయింది. సూది వికటించిందో, జ్వరమే ముదిరిందో తెలియదంటున్నారని పరశురాములు ఏడ్చాడు.

మర్నాడు మొదటి బస్సుకే నిరోష కోస్గి చేరింది. వాడిన దండ తీసి పక్కన పెట్టి, స్విచ్ వేసి, నర్సింగమ్మ పేరు కొట్టింది. జ్వరం సూది పడదని ఎర్ర అక్షరాల్లో ఉంది. తను కొట్టిన అక్షరాలే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు, ఇక్కడ కాలింది ఇంకొకరి ప్రాణం. బల్ల మీద తల పెట్టి ఏడ్చింది.

ఏడుపు ఆగాక ఇంకో ఆలోచన వచ్చింది. చీటీ పోయింది, సారుకు ఇవన్నీ గుర్తుండవు, ఈ మాట ఈ డబ్బాలో తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు. ఒక్క మీట నొక్కితే పోతుంది. బయటికి పొక్కకూడదనే కదా ఇన్నాళ్లూ ఇక్కడే దాచింది! తన మీద తనకే రోత పుట్టింది. అయినా వేలు ఆ మీట దగ్గరే చాలాసేపు ఉంది.

తల్లి దినాల్లో పిట్టకు ముద్ద పెట్టి వచ్చిన రోజు పరశురాములు దవాఖాన గడపలో నిలబడ్డాడు.

"అక్కా, మనసుల ఒకటే తొలుస్తాంది. నువ్వు చెప్పిందే గా కంప్యూటర్ల ఉన్నది గదా? ఒక్కసారి చూసి చెప్పు. ఉన్నదంటే నిమ్మళంగ ఉంట."

నిరోష తెరను అతని వైపు తిప్పింది. అతను ఆ ఇంగ్లీషు అక్షరాలకేసి కాసేపు చూశాడు.

"నాకేడ వస్తది? నువ్వే సదువక్కా," అన్నాడు, ఎప్పటిలాగే నమ్మకంగా.

"జరం సూది పడదు," అని చదివింది నిరోష.

పరశురాములు తెర దగ్గరికి వంగాడు. "మల్ల సదువు," అన్నాడు.

మళ్లీ చదివింది.