బానెట్టు వెచ్చగా ఉంది

పై అంతస్తులోని నేగెలే గారు తన కారు అమ్ముతున్నారని తెలిసిన రోజు రోస్వీటాకి సంతోషం, భయం రెండూ ఒక్కసారే కలిగాయి. కారు దొరుకుతోందని సంతోషం. అమ్మేది నేగెలే గారని భయం.

ఇద్దరూ ఇరవై రెండేళ్ళుగా ఒకే మేడలో ఉంటున్నారు. మెట్లు ఊడ్చే వంతు ఒక వారం ఆమెది, ఒక వారం ఆయనది. వంతు ఎవరిదో చెప్పే చెక్కపలక ఆ తలుపుకీ ఈ తలుపుకీ మారుతూ ఉంటుంది. ఆమె వంతు వచ్చిన ప్రతి శనివారం సాయంత్రం ఆయన కిందికి దిగుతూ మెట్ల కమ్మీ మీద చూపుడువేలు రాస్తారు. ఆ వేలిని దీపం దగ్గర పెట్టి చూసుకుంటారు. ఒక్కమాట కూడా అనకుండా వెళ్ళిపోతారు. ఆయన తిట్టడమంటే అదే. ఉద్యోగం రోజుల్లో ఆయన తూనికలు కొలతల శాఖలో తనిఖీ అధికారి. విరమణ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది కానీ ఆ వేలికి మాత్రం ఇంకా విరమణ రాలేదు.

కారు పదమూడేళ్ళ కిందటిది. వెండిరంగు, జర్మన్ కంపెనీది, మూడు సిలిండర్ల చిన్న ఇంజను. పదిహేను వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు. ఆదివారం చర్చికి, శనివారం రొట్టెల కొట్టుకి, అంతే. మిగతా రోజులన్నీ గరాజులో, తివాచీ మీద. కళ్ళ డాక్టరు ఇక బండి నడపవద్దన్నాడు కాబట్టి అమ్ముతున్నారు.

రోస్వీటాకి ఆ కారు సరదాకి కాదు. కింద లోయలో ఉన్న పట్నంలో ఒక బడి వంటింట్లో ఆమె వంట చేస్తుంది. పొద్దున్న ఆరున్నరకల్లా పొయ్యి వెలగాలి. డిసెంబరు రెండో ఆదివారం నుంచి బస్సుల వేళలు మారుతున్నాయి. కొత్త పట్టిక ప్రకారం మొదటి బస్సు ఆమెని పట్నంలో దించేది ఏడుంబావుకి. వంటింటి పెద్ద మౌరర్ మేడంకి ఆ సంగతి చెబితే ఆవిడ సరుకుల చీటీలోంచి తల ఎత్తలేదు.

"ఆ మర్నాడు, సోమవారం ఆరున్నరకి మీరుంటే మీరే. లేకపోతే ఇంకొకరిని చూసుకుంటాను రోస్వీటా. ఏమీ అనుకోకండి."

యాభై ఎనిమిదేళ్ళ మనిషికి ఇంకో వంటిల్లు ఎవరిస్తారు? తను దాచుకున్న డబ్బుకి వచ్చే మిగతా కార్లన్నీ చూసింది. ఒకదాని తలుపు తీస్తే పిడి చేతికొచ్చింది.

తమ్ముడు ఏగన్ ముప్పై ఏళ్ళుగా మెకానిక్కు. వాడికి ఫోను చేసింది.

"మూడు సిలిండర్లా?" అన్నాడు వాడు. "అది కారు కాదక్కా, కుట్టుమిషను. నీకు పంట్లాములు కుట్టడానికి పనికొస్తుంది."

"చర్చికీ రొట్టెల కొట్టుకీ తప్ప బయటికే తీయలేదట్రా."

"నా భయం అదే."

"అదేమిట్రా? అందరూ అలాంటిదే కావాలంటారు."

"అందరూ మెకానిక్కులు కారుగా. ఆ ఇంజను లోపల సైకిలు గొలుసులాంటి గొలుసొకటి ఉంటుంది. రెండు కిలోమీటర్లు పోయి ఆపేస్తే నూనె వేడెక్కదు, అందులో పెట్రోలు కలిసి పలచబడుతుంది. గొలుసు అరిగి సాగుతుంది. సాగిందనుకో, రాత్రంతా ఆగి ఉన్న బండిని తిప్పినప్పుడు నాలుగు క్షణాలు అరుస్తుంది. ఆ తర్వాత నంగనాచిలా నోరు మూసుకుంటుంది. ఏదో ఒకరోజు చక్రం పన్ను మీంచి జారిందంటే ఇంజను పాడెక్కినట్టే."

"మరెలా తెలుస్తుంది?"

"మనం వెళ్ళేసరికి బండి చల్లగా ఉండాలి. ముందు బానెట్టు మీద చెయ్యి పెట్టి చూస్తాను. వెచ్చగా ఉంటే ఆ ముసలాయన మనల్ని మోసం చేస్తున్నాడన్నమాటే."

"నేగెలే గారు మోసం చేయడమా!" అంది రోస్వీటా. ఆ మనిషి మీద ఎన్ని కోపాలున్నా, ఆ మాట మాత్రం ఆమె నోరు ఒప్పుకోలేదు.

శనివారం పొద్దున్న తొమ్మిదింటికి అక్కా తమ్ముడూ గరాజు ముందు నిలబడ్డారు. నేగెలే గారు టై కట్టుకుని వచ్చారు. కారు అద్దంలా మెరుస్తోంది. ఏగన్ పలకరింపుగా నవ్వుతూ వెళ్ళి బానెట్టు మీద అరచెయ్యి పెట్టాడు. నవ్వు అలాగే ఉంది కానీ కళ్ళు మాత్రం అక్కవైపు తిరిగాయి.

"వెచ్చగా ఉంది," అన్నాడు.

"ఉంటుంది మరి," అన్నారు నేగెలే గారు ఛాతీ కాస్త ముందుకు పెట్టి. "ఇప్పుడే బంకుకి వెళ్ళి వచ్చాను. ట్యాంకు నింపాను. టైర్లలో గాలి కూడా చూశాను."

"నిండా నింపారా?"

"అంచుదాకా."

ఏగన్ అక్కని పక్కకి లాగాడు. "అక్కా, మన ఊళ్ళో కారు అమ్మేవాడు ట్యాంకు నింపి ఇవ్వడం నీ జన్మలో విన్నావా? ఎర్రదీపం వెలిగేదాకా నడిపి, ఆ దీపంతో సహా అమ్ముతారు. ఈయన ఏదో దాస్తున్నాడు."

రోస్వీటాకి అంతకంటే వేరే సంగతి గుచ్చుకుంది. "నేగెలే గారూ! మిమ్మల్ని డాక్టరు నడపొద్దన్నాడు కదండీ?"

"జనవరి ఒకటో తారీఖు నుంచి అన్నాడు. కాగితం మీద రాసి ఉంది, చూపించమంటారా?"

ఇక ఏగన్ ఆగలేకపోయాడు. బండి చల్లగా ఎందుకు ఉండాలో, వెచ్చటి బానెట్టుని చూసి లోకం ఏమనుకుంటుందో చెప్పేశాడు. నేగెలే గారి మొహం ముందు తెల్లబడింది, తర్వాత ఎర్రబడింది.

"నేను దాస్తానా? తక్కువ తూచే తక్కెడలు ఎన్ని పట్టుకున్నానో లెక్క తెలుసా మీకు?"

"తెలీదండీ. రేపు పొద్దున్న వస్తాం, అప్పటికి చల్లారుతుంది."

"రేపు ఆదివారం! ఆదివారం గరాజు తలుపు చప్పుడైతే ఎదురింటివాళ్ళు ఏమనుకుంటారు? అక్కర్లేదు. ఇవాళే చల్లారనివ్వండి. తలుపులు బార్లా తీసి పెడతాను. సాయంత్రం అయిదింటిదాకా నా వంటింట్లో కూర్చోండి."

బయట మంచు పడుతోంది కాబట్టి చల్లారడానికి ఏ లోటూ లేదు. వంటింట్లో నేగెలే గారు కాఫీ పెట్టి, క్రిస్మస్ బిస్కెట్లు ఆరు పళ్ళెంలో పెట్టారు. మనిషికి రెండు. ఏగన్ మూడోదానికి చెయ్యి చాచబోతే పళ్ళెం నెమ్మదిగా బల్ల అవతలికి జరిగింది.

"ట్యాంకు నింపినాయన బిస్కెట్టు దగ్గర ఇలా అయిపోయారేంటి?" అన్నాడు ఏగన్.

"ట్యాంకు అమ్మకంలో భాగం," అన్నారు ఆయన. "బిస్కెట్టు కాదు."

మధ్యాహ్నానికి ఆకలి తట్టుకోలేక రోస్వీటా కిందికి వెళ్ళి తన వంటింట్లోంచి పప్పు, నూడుల్స్, సాసేజీలు మోసుకొచ్చింది. నేగెలే గారు రెండుసార్లు వడ్డించుకున్నారు. రుచి గురించి ఏమీ అనలేదు. ఈసారి ఆ మౌనం తిట్టులా లేదు.

అయిదింటికి గరాజులోకి వెళ్ళారు. ఏగన్ బానెట్టు తాకి చూసి తలూపాడు. నేగెలే గారు తాళం తీసుకుని సీట్లో కూర్చున్నారు. అలవాటు ప్రకారం చెవి మిషన్లు రెండూ తీసి జేబులో వేసుకున్నారు.

"అదేంటండీ?" అన్నాడు ఏగన్.

"ఏమన్నారు?"

"చెవులు ఎందుకు తీసేశారు అంటున్నా!"

"కారులో గాలి హోరు చిరాగ్గా ఉంటుంది. ఆరేళ్ళుగా తీసేసే నడుపుతున్నాను."

"ఇవాళ్టికి పెట్టుకోండి. మీరూ వినాలి."

ఆయన విసుక్కుంటూ పెట్టుకుని తాళం తిప్పారు. రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు గలగలమని ఒకటే చప్పుడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అంతే. తర్వాత ఇంజను మెత్తగా, ఏమీ ఎరగనట్టు తిరగసాగింది.

"ఎవరిదా చప్పుడు?" అన్నారు నేగెలే గారు వెనక్కి తిరిగి చూస్తూ.

"మీ కారుదేనండీ."

"ఎప్పటినుంచి?"

"మీ చెవులు జేబులో ఉన్నప్పటినుంచి."

నేగెలే గారు ఇంజను ఆపి దిగారు. వెనక అద్దానికి తను స్కేలు పెట్టి గీతలు గీసి రాసి అతికించిన 'అమ్మకానికి' కాగితాన్ని పీకేసి నాలుగు మడతలు పెట్టారు.

"నేను అమ్మను," అన్నారు.

రోస్వీటా ఆయనకి అడ్డం వచ్చింది. "అయ్యో, నేను కొంటానండీ. నాలుగు క్షణాల చప్పుడే కదా. సోమవారం కాక పై సోమవారం నాకు బస్సు లేదు. మౌరర్ మేడం నా బదులు ఇంకొకరిని..."

"లోపమున్న సరుకు నా చేతిమీదుగా పోదు. అందులోనూ కింద అంతస్తు మనిషికా? రోజూ మెట్ల మీద మీ మొహం ఎలా చూడను?"

ఇరవై రెండేళ్ళుగా తన మొహం చూడటం ఆయనకి ఒక పట్టింపని రోస్వీటాకి ఇవాళే తెలిసింది. బతిమాలితే ఈ మనిషి కదలడు.

"నేగెలే గారూ, ఒక్కటి అడుగుతాను. తక్కువ తూచే తక్కెడ దొరికితే ఏం చేసేవారు? చెత్తబుట్టలో పారేసేవారా?"

"పారేయడమేమిటి? వాడొద్దని సీలు వేసేవాణ్ణి."

"ఆ కొట్టువాడు బాగుచేయించుకుని తెస్తే?"

"మళ్ళీ తూచి చూసి, సరిగ్గా ఉంటే ముద్ర..." ఆయన మాట మధ్యలో ఆగింది.

"మరి?" అంది రోస్వీటా.

ఆయన మడత పెట్టిన కాగితాన్ని ఒకటి రెండుసార్లు తిప్పి చూసుకున్నారు. "గొలుసు సామాను ఖర్చు నాది," అన్నారు చివరికి. "ధర చెప్పిందే. పని ఎవరు చేస్తారు?"

ఇద్దరూ ఏగన్ వైపు చూశారు.

"నన్నెవరైనా అడిగారా అసలు?" అన్నాడు వాడు.

"నువ్వు ఒక్కమాట చెప్పరా. కొనొచ్చా, కొనకూడదా?"

ఏగన్ కారు కిందికి దూరి టార్చి వేసి చూసి, మోకాళ్ళు దులుపుకుంటూ లేచాడు. "తుప్పు అన్నమాట లేదు. తివాచీ మీద పెంచారుగా. ఉన్నదున్నట్టయితే ఊరికే ఇచ్చినా వద్దు. గొలుసు మారిస్తే కొను, పదేళ్ళు చూసుకోనక్కర్లేదు. కానీ మార్చాక దీన్ని రొట్టెల కొట్టుకి తీసుకెళ్ళావని తెలిసిందా, నీ గడప తొక్కను. రొట్టెలకి నడిచి వెళ్ళు. దీన్ని దూరం తిప్పాలి."

"బడి పద్నాలుగు కిలోమీటర్లురా."

"సరిపోతుంది. నా కూలీ, క్రిస్మస్ దాకా ఇవాళ్టిలాంటి పప్పు."

ఆ వారమంతా సాయంత్రాలు ఏగన్ షెడ్డులో పని నడిచింది. నేగెలే గారు ప్రతి రోజూ మడతపీట తెచ్చుకుని పక్కనే కూర్చునేవారు. "ఆ మర ఎంత బిగువు ఉండాలి?" "పుస్తకంలో ఎంతని రాసి ఉంది?" "మీరు ఎంత బిగించారు?" మూడో రోజుకి ఏగన్ అక్కకి ఫోను చేసి, ఈ ముసలాయన్ని తన మేడకి తిరిగి తీసుకుపొమ్మన్నాడు. నాలుగో రోజు ఆయన జలుబు చేసి రాకపోతే, ఎందుకు రాలేదని మళ్ళీ వాడే ఫోను చేశాడు.

శనివారం రాత్రికి పని ముగిసింది. రాత్రంతా బండి ఆ చలి షెడ్డులోనే నిలబడింది. ఆదివారం పొద్దున్న నేగెలే గారే వచ్చి షెడ్డు తలుపు తెరిచారు. అవతలి ఇంట్లో తెర కదిలింది. రోస్వీటా తాళం తిప్పింది. ఒక్క గులకరాయి కూడా మోగలేదు.

"ఇంకోసారి తిప్పండి," అన్నారు నేగెలే గారు.

"ఇంకోసారి తిప్పినా ప్రయోజనం లేదండీ. చల్లటి బండి రోజుకి ఒక్కసారే నిజం చెబుతుంది," అన్నాడు ఏగన్.

ఆయన తలూపి, జేబులోంచి కలం తీసి, కాగితాల మీద సంతకం చేసి, తాళాలు రోస్వీటా చేతిలో పెట్టారు.

సోమవారం ఆమె ఎక్కడా ఆలస్యం కాకూడదని అయిదుంబావుకే బయల్దేరింది. మంచు, చీకటి, వంకర దారి. ఇవన్నీ ఉంటాయని గంట లెక్క వేసుకుంది. పద్నాలుగు కిలోమీటర్లకి ఇరవై అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. బడి చీకట్లో ఉంది. వంటింటి తలుపుకి తాళం. తాళాలు ఎప్పుడూ మౌరర్ మేడం దగ్గరే ఉంటాయి.

రోస్వీటా కాసేపు కారులోనే కూర్చుంది. కాళ్ళ దగ్గర వెచ్చగా ఉంది. తర్వాత ఫోను తీసింది. అవతల చాలాసేపు మోగాక నిద్రగొంతు పలికింది.

"ఎవరూ? ఏమైంది?"

"నేనే మేడం, రోస్వీటాని. వంటింటి గుమ్మంలో ఉన్నాను."

"ఇప్పుడు టైమెంత?"

"ఇంకా ఆరు కాలేదు మేడం. తొందరేం లేదు, దారి జారుడుగా ఉంది, నెమ్మదిగా రండి. బస్సు కోసం మాత్రం చూడకండి, ఏడుంబావుదాకా రాదు."