కుందేలు బొచ్చు వాలు

పొద్దున్నే కొట్టు తలుపులు తీస్తుండగా మా బావమరిది వచ్చాడు. చేతిలోని రేకు డబ్బా కౌంటరు మీద పెట్టి, "బావా, బకెట్లో కాసిని నీళ్లు పట్టు" అన్నాడు.

అతను ఊరి చివర సరస్సులో పడవ నడుపుతాడు. చేపలు పట్టే సరదా ఉన్నవాళ్లను పొద్దున్నే లోపలికి తీసుకెళ్లి, ఎండ ముదిరేలోగా ఒడ్డుకు చేరుస్తాడు. నాది గాలాల కొట్టు. గాలపు కర్రలు, దారాలు, కొక్కేలు, వలసంచులు అమ్ముతాను. అవి ఏ కొట్టులోనైనా దొరుకుతాయి. మా కొట్టును వెతుక్కుంటూ మనిషి వచ్చేది మాత్రం నా భార్య కట్టే ఈగల కోసం.

ఈగలని పేరే గానీ ఈగలు కావు. కొక్కేనికి దారంతో ఈకో, బొచ్చో కట్టి, చేప కంటికి ప్రాణమున్న పురుగులా కనిపించేలా చేసే ఎర. నా భార్యది కుందేలు తోలు పని. బొచ్చున్న తోలును సన్నటి పట్టీలుగా కోసి కొక్కెం వీపు మీద కడుతుంది. నీళ్లలో లాగితే ఆ బొచ్చు ఒళ్లు విరుచుకున్నట్టు కదులుతుంది. పెద్ద చేపలు దానికే వస్తాయి. కాకపోతే బొచ్చు వాలు, అంటే వెంట్రుకలు ఒరిగిన దిక్కు, ఎప్పుడూ ఈగ తోకవైపే ఉండాలి.

బకెట్ నింపి తెచ్చాను. అతను డబ్బాలోంచి ఒక ఈగ తీసి దారానికి కట్టి నీళ్లలో లాగాడు. చక్కగా ఈదింది. ఇంకొకటి కట్టి లాగాడు. అది గాలికి తిరగబడ్డ గొడుగులా ఉబ్బి, పొర్లి, పొట్ట పైకి తిప్పింది.

"ఇదేంటి?" అన్నాను.

"నన్నడుగుతావేంటి? అమ్మింది నువ్వు. బొచ్చు తిరగేసి కట్టింది అక్క. ఒక్కటైతే నిద్రమత్తులో కట్టిందనుకుందును. డబ్బాలో సగం ఇంతే. ఏది మంచిదో నీళ్లలో వేస్తే గానీ తెలీదు. నిన్న పడవలో ఉన్న పెద్దమనిషి ఏమన్నాడో తెలుసా? 'ఏమోయ్, నీ ఈగకు జలుబు చేసినట్టుంది, పడుకోనివ్వు' అన్నాడు."

నేను నవ్వలేదు. అతనూ నవ్వలేదు.

"సీజను మొదలవుతోంది బావా. ఈ వారంలో నాకు నిండుగా ఒక డబ్బా కావాలి. లేదంటే ఫ్యాక్టరీ సరుకు కొనుక్కుంటాను. నాకేమన్నా సరదానా? మా అక్క చేతివి తప్ప పడవ ఎక్కించనని ఊరంతా డప్పు కొట్టుకున్నవాణ్ణి."

"అక్కతో చెప్పు మరి."

"నేనా? కట్టుకున్నవాడివి నువ్వు. నువ్వే చెప్పు."

"తోడబుట్టినవాడివి నువ్వు."

"అందుకే నోరు రాదు" అని డబ్బా అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

బకెట్‌లో నీళ్లు బయట పారబోసి వచ్చాను. నాకు బాధేమీ కలగలేదు. చెబితే ఎవరూ నమ్మరు గానీ నిజం. ఆమె జబ్బు పడ్డప్పటి నుంచి నా లోపల షట్టరు దించినట్టే ఉంది. తాళం ఎక్కడ పెట్టానో వెతుక్కోవాలని కూడా అనిపించలేదు. ఆస్పత్రిలో అందరూ నన్ను గుండె నిబ్బరం గలవాడినన్నారు. కాదనలేదు. ఊరికే వచ్చిన మంచిపేరును వద్దనే వ్యాపారి ఉండడు.

జబ్బు తగ్గింది. కానీ మందులు పోతూ పోతూ ఆమె వేళ్ల కొసల్లో స్పర్శను పట్టుకుపోయాయి. అది తిరిగి వస్తుందా అని డాక్టరునడిగితే, "రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు. అలా మాట్లాడేవాడి దగ్గర నేనైతే సరుకు కొనను. అయినా లెక్క వేసి చూసుకున్నాను. మనిషి దక్కింది, వేళ్ల కొసలు పోయాయి. ఎలా చూసినా మంచి బేరమే. ఆమెతోనూ అదే మాట అన్నాను. "అవునవును" అంది. ఇంటికొచ్చిన కొన్నాళ్లకు, "ఇప్పుడు తెలుస్తోంది లెండి, బాగానే ఉంది" అంది. నేను పరీక్షించి చూడలేదు.

కొట్టు వెనక గదిలో కిటికీ పక్కన ఆమె బల్ల. బల్ల అంచుకు కొక్కేన్ని పట్టుకునే చిన్న వైస్, దాని ముందు ఒక స్టూలు. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ ఆమె నన్ను కోరిన కోరిక ఒక్కటే. "నా స్టూలు మీద ఎవర్నీ కూర్చోనివ్వకండి." ఇంటికొచ్చిన రోజు వంటింట్లోకి కూడా వెళ్లకుండా నేరుగా వచ్చి దాని మీదే కూర్చుంది. ఇప్పుడు నేను "నీ వేళ్లకు తెలియడం లేదు" అన్నానంటే నా చేత్తో ఆమెను అక్కడి నుంచి లేపినట్టే. అనకపోతే తమ్ముడు ఫ్యాక్టరీ సరుకు కొంటాడు, మిగతావాళ్లూ అతని వెనకే పోతారు, అప్పుడూ ఆమె లేవక తప్పదు. రెండు దారుల్లోనూ నష్టమే. ఆమె లేవకుండా సరుకు మాత్రం సరిగ్గా బయటికొచ్చే మూడో దారి ఏదైనా ఉందేమో చూడాలి.

దొరికిందనుకున్నాను. ఆమె పనిచేసేటప్పుడు పట్టీ వంక చూడదు. నాతోనో, కొట్టుకొచ్చినవాళ్లతోనో మాట్లాడుతూ, బొటనవేలితో బొచ్చును ఒకసారి నిమిరి, వాలు ఎటుందో చూసుకుని కట్టేస్తుంది. నల్లరంగు వేసిన ఒత్తైన బొచ్చుకు వాలు కంటితో చూస్తే తెలియదు. పెళ్లైన కొత్తలో నేర్చుకున్న పని. వేలు చెప్పింది చెయ్యి వింటుంది, అంతే. వేలు ఏమీ చెప్పనప్పుడు కూడా చెయ్యి పాత అలవాటు కొద్దీ కట్టుకుంటూ పోతోంది. కాబట్టి వేలు చెప్పాల్సింది నేను చెబితే సరిపోతుంది.

భోంచేసి ఆమె కాసేపు నడుం వాల్చినప్పుడు, బుట్టలో కోసి ఉంచిన పట్టీలన్నీ ముందేసుకున్నాను. ఒక్కొక్కదాన్నీ నిమిరి, వాలు చూసి, లోపలి తోలు మీద పెన్నుతో చిన్న బాణం గీశాను. తోలువైపు కొక్కేనికి అతుక్కుపోతుంది, కొన్నవాడికి కనబడదు. ఆమెకు మాత్రం కనబడుతుంది. ఏ మాటా అనకుండా పని జరిగిపోతుంది. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను.

ఆమె లేచి వచ్చి స్టూలు మీద కూర్చుంది. నేను కౌంటరు దగ్గర నైలాను దారం చుట్టలు సర్దుతున్నాను.

"ఏమండీ, ఒకసారి ఇటు రండి."

వెళ్లాను. ఆమె చేతిలో పట్టీ తిరగేసి ఉంది.

"ఈ గీతలేంటి?"

"తోలు ఫ్యాక్టరీ వాళ్లు పెట్టుంటారు."

"తోలు కోసింది నేను. కోసేటప్పుడు ఏ గీతా లేదు. ఫ్యాక్టరీ వాళ్లు మన వెనక గదిలోకొచ్చి పెట్టి వెళ్లారా?"

పట్టీని కిటికీ వెలుగుకు పట్టి చూసింది.

"బాణం గుర్తులు. దారి తప్పిపోకుండా. నేనేమన్నా లారీనా?"

"పొద్దున మీ తమ్ముడొచ్చాడు" అన్నాను.

ఆమె పట్టీని ఒళ్లో పెట్టుకుంది. "ఎన్ని?"

"సగం."

"తిట్టాడా?"

"లేదు."

"వాడు తిట్టకుండా పోయాడంటే నిజమే" అంది. తర్వాత రెండు బొటనవేళ్లనూ మిగతా వేళ్లకేసి రుద్దుకుంటూ కూర్చుంది. "నాకు తెలుస్తోందనే అనుకున్నానండీ. అబద్ధం కాదు. నిమిరితే మెత్తగా ఉంటుంది. ఇటు నుంచి నిమిరినా మెత్తగానే, అటు నుంచి నిమిరినా మెత్తగానే. మెత్తగా ఉంటే వాలు సరిగ్గానే ఉందనుకుని కట్టేశాను."

ఇలాంటప్పుడు భర్త అన్నవాడు ఏదో ఒకటి చెయ్యాలి. భుజం మీద చెయ్యి వేయాలేమో. నేను నిలబడి ఉన్నాను. నా చేతిలో దారం చుట్ట ఉంది. "బాణం చూసి కట్టు, సరిపోతుంది" అన్నాను.

ఆమె పట్టీ ఎత్తి పైపెదవి మీద ఒక కొస నుంచి ఇంకో కొసకు లాక్కుంది. తిప్పి మళ్లీ లాక్కుంది. ముక్కులోకి బొచ్చు పోయి గట్టిగా తుమ్మింది. ముక్కు తుడుచుకుని ఇంకో పట్టీ తీసింది. అలా నాలుగైదు చూసి ఒకదాన్ని నా ముందు పెట్టింది.

"దీని మీద బాణం తప్పు."

నిమిరి చూశాను. తప్పే.

"ఇదిగో, ఇదీ తప్పే. మీ వేళ్లు బాగానే ఉన్నాయిగా? మీకు ఏ మందులూ ఇవ్వలేదుగా?"

"తొందరలో గీశాను."

"తొందరలో గీసేవాడి బాణం నమ్ముకుంటే సగం కాదు, మొత్తం పోతాయి. ఇంకెప్పుడూ గీయకండి." మళ్లీ ఒక పట్టీ పెదవి మీద లాక్కుంది. "ఇక్కడ తెలుస్తోంది. గరుకూ తెలుస్తోంది, నునుపూ తెలుస్తోంది."

"దారం మాటో? బిగువు తెలియక తెంపేస్తున్నావుగా, ముక్కలన్నీ బల్ల కిందే ఉన్నాయి."

"లావుది తెప్పించండి. తెగదు. ముడి కాస్త మోటుగా వస్తుంది. చేపకు పట్టింపు లేదు."

"కొనేవాడికి ఉంటుంది."

"చెప్పి అమ్మండి. మోటు ముడి, సరైన వాలు. ఇష్టమైనవాడు కొంటాడు."

"వారంలో డబ్బా నిండుతుందా?"

"నిండదు. పట్టీ పట్టీకీ ఇలా తుమ్ముకుంటూ కూర్చుంటే డబ్బా అడుగు కప్పుతాయి, అంతే. వాడితో అదే చెప్పండి. బతిమాలకండి."

ముందు గదిలోకొచ్చి బావమరిదికి ఫోన్ చేశాను. ఆ రోజు పడవ బాగుచేసుకుంటున్నాడు, అటువైపు ఇంజను చప్పుడు. డబ్బా నిండదని, అడుగు కప్పేన్ని మాత్రం వస్తాయని, వాటిలో ఒక్కటి కూడా తిరగబడదని, మిగతావి ఫ్యాక్టరీవి కొనుక్కోమని చెప్పాను. ఇంజను ఆపేశాడు.

"అక్కతో చెప్పేశావా?"

"తనే కనిపెట్టింది."

"ఏడ్చిందా?"

"తుమ్మింది."

"సరేలే. ఫ్యాక్టరీవి తెచ్చుకుంటాను. అక్కవి కలపను, విడిగా పెడతాను. పెద్ద చేప కావాలన్నవాడికే మూత తీస్తాను. ఆ మాట కూడా చెప్పు" అన్నాడు.

చెప్పాను. ఆమె తల ఊపింది. ఊరంతా తన ఈగలే వాడిన మనిషికి ఇక డబ్బాలో అడుగు భాగం మాత్రమే మిగిలింది. నష్టమే. పూర్తిగా మునగలేదు, అంతవరకే. లెక్క తేలాక నాకు ఊరట కలుగుతుందేమోనని చూశాను. కలగలేదు. ఖాళీ సరుకు పెట్టె ఒకటి లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను.

"ఊరికే కూర్చునే బదులు ఓ చెయ్యి వెయ్యండి" అంది. "మీరూ చూసి ఇస్తే పని కాస్త తెముల్తుంది. గీతలొద్దు. ఇలా" అని ఒక పట్టీ తీసి నా పైపెదవి మీద పెట్టింది.

కుందేలు తోలు వాసన వచ్చింది. ఒకవైపు లాగింది, రెండో వైపు లాగింది.

"వాలు ఎటుంది?"

నాకేమీ తెలియలేదు. "అటు" అన్నాను.

"కాదు. ఆ మీసం అడ్డమొస్తోందేమో. ఇంకోసారి చూడండి."

పట్టీని ఆమె చేతిలోంచి తీసుకుని నేనే ఇంకోసారి పెదవికి పెట్టుకున్నాను.