లండన్ మెడల్, రేపల్లె వన్స్‌మోర్

తెనాలి నాటకాల్లో వేషం కట్టినవాడికే మెడల్. పద్యం బాగుంటే జనం వన్స్‌మోర్ అంటారు, పెద్దమనుషులు స్టేజీ ఎక్కి నటుడి రొమ్మున పతకం గుచ్చుతారు. పక్కన కూర్చుని హార్మోనియం వాయించేవాడి వైపు ఒక్కడూ చూడడు. మా ఆయన శివరామయ్య ఆ వాయించేవాడు. కృష్ణుడి వేషం వేసే పాండురంగారావు ఛాతీ మీద పతకాలకు చోటు చాలదు. మా ఆయన చొక్కాకు బొత్తాలు తప్ప ఏమీ లేవు. ఒక్క మెడల్ కోసం ఆయన ప్రాణం కొట్టుకుపోయేది.

1967 వేసవిలో, పాత ఇత్తడి కొనే కరీముల్లా కొట్లో ఆయనకొక మెడల్ దొరికింది. బాపట్లలో ఎవరో దొర వదిలేసిన సామానులోదట. ఒకవైపు ఉంగరాల జుట్టు దొర ముఖం, రెండోవైపు పెద్ద మేడ. లండన్‌లో వేలమంది కలిసి పాడిన సంగీతోత్సవానికి గుర్తుగా పోసిన బిళ్ళ అని మా పక్కింటి మేష్టారు చదివి చెప్పారు. బహుమతి కాదట, చూడ్డానికి వెళ్ళినవాళ్ళు కొనుక్కున్నదట.

"సంగీతానిదే కదే!" అని మా ఆయన దాన్ని పిన్నీసుతో చొక్కాకు తగిలించుకున్నారు. చెబితే వినే మనిషైతే కదా!

రేపల్లెలో తెర లేవబోతుండగా, నాటకం పెట్టించిన బసవేశ్వరరావుగారు వచ్చి దాన్ని పట్టుకుని, మీదున్న సంవత్సరం చదివారు.

"ఏంటి శివరామయ్యగారూ, పద్దెనిమిది వందల యాభై తొమ్మిదిలో లండన్‌లో వాయించారా? అప్పటికి మీ తాతగారన్నా పుట్టారా?"

జనం గొల్లున నవ్వారు. ఆయన వెంట వచ్చి ముందు వరసలో కూర్చున్న నాకు ఒళ్ళు మండిపోయింది.

"లేదండి. ఇత్తడి కొట్లో దొరికిందండి. నాకెవరూ ఇవ్వలేదని పెట్టుకున్నానండి," అన్నారు మా ఆయన, తల వంచుకుని.

నాటకం మొదలైంది. రెండో పద్యంలో రాగం పైకి తీస్తుండగా పాండురంగారావు గొంతు పట్టేసింది. నోరు తెరిచే ఉంది, శబ్దం లేదు. ఆ రాగాన్ని మా ఆయన హార్మోనియం మీద అందుకున్నారు. పడ్డ అవమానమంతా ఆ మెట్ల మీద పలికించారు. జనం లేచి నిలబడి వన్స్‌మోర్ అన్నారు. కృష్ణుడు పిల్లంగ్రోవి పట్టుకుని ఊరికే నిలబడితే, మా ఆయన మళ్ళీ వాయించారు. నేను ఏడ్చేశాను.

బసవేశ్వరరావుగారు స్టేజీ ఎక్కి, కృష్ణుడి కోసం ముందే చేయించి ఉంచిన వెండి మెడల్‌ని మా ఆయన చొక్కాకు గుచ్చారు.

తిరుగు రైల్లో దాని మీద అక్షరాలు చదివాను. పాండురంగారావు పేరే చెక్కి ఉంది. ఎదురు బల్ల మీద అతను బొంగురు గొంతుతో గొణిగాడు.

"బాబాయ్, దాని మీద ఉన్నది నా పేరే కదా!"

మా ఆయన మెడల్‌ని అరచేత్తో కప్పుకున్నారు.

"పేరు నీదేరా అబ్బాయ్. వన్స్‌మోర్ మాత్రం నాది."