తప్పు ఆయనది, లెక్కా ఆయనదే

"పద్నాలుగు," అన్నాడు కమిటీ అధ్యక్షుడు, స్క్రీన్ మీంచి తల ఎత్తకుండా. "మీ పేపర్‌ని ఇప్పటిదాకా పద్నాలుగు మందే తమ పేపర్లలో ఉదహరించి సైట్ చేశారమ్మా."

ఎదురుగా కూర్చున్న చీమ కుర్చీ అంచుకి జరిగింది. పట్టిన పని వదలదని ల్యాబులో ఆమెకు ఆ పేరు పెట్టారు. ఈ పర్మినెంట్ పోస్టు రాకపోతే నెలాఖరుకి బల్ల ఖాళీ చేయాలి. బల్ల పోయినా బతకొచ్చు. కానీ కింద నేలమాళిగలో, గడ్డకట్టించి ఉంచే నైట్రోజన్ ట్యాంకులో, మూడేళ్లు కష్టపడి పెంచి దాచుకున్న కణాలున్నాయి. కల్తీ లేని కాలేయ కణాలు. ఉద్యోగం లేనివాళ్లకి ఆ ట్యాంకులో చోటుండదు. తీసి పారబోస్తారు.

"మీ గురువుగారి పేపర్ చూడండి, ఎలా ఎగబాకిందో!" అంది పక్కనున్న సభ్యురాలు. "ఈ రెండేళ్లలోనే రెట్టింపు."

"నా పేపర్ వచ్చి రెండేళ్లేనండీ. అందుకే ఆయనది పెరిగింది."

ఇద్దరూ ఆమెకేసి చూశారు.

ల్యాబంతా పెద్దాయన అని పిలుచుకునే ఆ గురువు, వయసులో ఉండగా కాలేయ కణాల మీద ఒక పేపర్ రాసి పేరు తెచ్చుకున్నాడు. అప్పట్లో ఆయనకో పిసినారి అలవాటు. పోషక ద్రవం వృథా అవుతుందని రెండు రకాల కణాలకీ ఒకే సీసాలోంచి పోసేవాడు. కణాలు పెరిగే ఒక డిష్‌ని తాకిన పైపెట్ గొట్టం మళ్లీ అదే సీసాలో మునిగేది. పక్క డిష్‌లోవి క్యాన్సర్ కణాలు. ఏకై వచ్చి మేకై కూర్చునే జాతి. ఆ సీసా ద్వారా వచ్చి కాలేయ కణాలను ఒక్కటి మిగలకుండా తొక్కేశాయి. ఆయన కాలేయమనుకుని కొలిచిందంతా క్యాన్సర్‌నే. పాత నమూనాలు కరిగించి, డీఎన్ఏ పోల్చి ఆ సంగతి బయటపెట్టింది చీమ.

"మెచ్చుకోడానికి సైట్ చెయ్యట్లేదండీ. ఏదో ఒకటి తెరిచి చదవండి."

సభ్యురాలు ఒక పేపర్ తెరిచింది. "'ఈ కణాలు కాలేయానివి కావని తేలినందువల్ల మేము వాడలేదు...' అరె, రిఫరెన్సు నంబరు పెద్దాయన పేపర్‌దే వేశారే!"

"'ఈ కణాలు' అన్నచోట ఆయన నంబరు వేస్తారు. 'తేలింది' అన్నచోట నాది వెయ్యాలి. అందరికీ తెలిసిందే కదా అని వదిలేస్తారు."

"సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టుంది!" సభ్యురాలు పకపకా నవ్వింది.

అధ్యక్షుడు నవ్వలేదు. "చూడమ్మా, తిట్టినా సైటేషనే, పొగిడినా సైటేషనే. మా ఫారంలో వాటికి విడివిడిగా గడుల్లేవు. కనీసం నలభై ఉండాలి. నేను మాత్రం ఏం చెయ్యను?"

వరండాలో పెద్దాయన కాగితపు కప్పులో కాఫీ తాగుతూ నిలబడి ఉన్నాడు.

"ఏమైందమ్మా చీమా?"

"మీరు గెలిచారు సార్."

"నేను పరిగెత్తనే లేదే!"

"అదే నా బాధ. తప్పు జరిగిందని మీరొక్క ముక్క రాసి ఉంటే..."

"రాస్తే పేపర్ వెనక్కి తీసుకోవాలి. పేపర్ పోతే గ్రాంటు పోతుంది, గ్రాంటు పోతే ల్యాబ్ పోతుంది. నీ కణాలు ఎవరి ల్యాబులో ఉన్నాయి?"

చీమ నేలమాళిగ మెట్లకేసి చూసింది.

"నా ప్రాజెక్టులో చేరు. నీ కణాల జోలికి ఎవరూ రారు. కలిసి పేపర్ రాద్దాం. నా పేరుంటే జనం చదువుతారు." కప్పు నలిపి బుట్టలో పడేశాడు. "పాత కణాలకి మా ఇంటిపేరు పెట్టాను కదా. వీటికీ అదే ఉంచి, పక్కన 'రెండు' అని తగిలిద్దాం. జనానికి అలవాటైన పేరు."

"పెంచింది నేను సార్."

"పెంచింది నువ్వేనని నాకు తెలుసుగా. చాలదా?"

చాలదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. చీమ దాన్ని మింగేసి తల ఊపింది.

నేలమాళిగ మెట్లు దిగుతుంటే భర్త ఫోన్ చేశాడు.

"ఏమైందోయ్? వచ్చిందా?"

"పోస్టు రాలేదు. పని దొరికింది. పెద్దాయన దగ్గరే."

"ఆయన దగ్గరా! నీకేమైనా మతిపోయిందా? తప్పంతా ఆయనదని నువ్వే కదా రుజువు చేశావు!"

"ఉంటానండీ. చేతులకి గ్లోవ్స్ వేసుకోవాలి."

ట్యాంకు మూత తీయగానే తెల్లటి ఆవిరి మొహాన కొట్టింది. పట్టకారుతో మొదటి బుడ్డీ పైకి తీసింది. ఎక్కువసేపు బయట ఉంచితే లోపలివి చచ్చిపోతాయి. గబగబా మంచు తుడిచి, తన చేత్తో రాసుకున్న పేరు మీద కొత్త చీటీ అంటించి, పెద్దాయన ఇంటిపేరు రాసింది. పక్కన 'రెండు' అని వేసింది. గుండ్రటి అక్షరాలతో రాసింది. ఎవరు చదివినా తేడా రాకూడదు కదా.

బుడ్డీని లోపలికి దించి, రెండోదాని కోసం పట్టకారు ముంచింది.