కొమ్ముపిడి తూకం

ఇస్తరవ్‌షాన్ పట్నంలో బజారు మలుపున, అందరూ ఉస్తా అని గౌరవంగా పిలిచే మంగలి గుఫ్రాన్ పొద్దున్నే కొట్టు తెరిచి, మంగలికత్తి విప్పి, కీలు దగ్గర చూపుడువేలి మీద నిలబెట్టి చూసేవాడు. పదునుండే అలుగు వైపు ఒరిగితే చెంప తెగుతుంది. పిడి వైపు ఒరిగితే కత్తి జంకుతుంది, వెంట్రుకని కొయ్యకుండా లాగుతుంది. ఎటూ ఒరగకుండా నిలిస్తే, ఇక చేతిలో కత్తి ఉన్నట్టే తెలియదు. ఆ తర్వాతే పొయ్యి మీద నీళ్లు పెట్టేవాడు.

ఆ పిడి కొండమేక కొమ్ముది. మేక ఎప్పుడో పోయినా కొమ్ము మాత్రం వసంతం రాగానే పెరిగేది. నవ్‌రూజ్ పండగ ముందు గుఫ్రాన్ దాన్ని ఆకురాయితో అరగదీసి తన చేతికి సరిచేసుకునేవాడు. రాలిన పొడిని భార్య సవ్రినిసో ఉల్లిమడికి ఎరువుగా వేసేది.

ఆ ఏడు చలికాలంలో అతని కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఇది తగ్గేది కాదన్నాడు డాక్టరు. వసంతం వచ్చింది, కొమ్ము పెరిగింది. గుఫ్రాన్ ఆకురాయి పట్టుకుంటే అది వేళ్ల మీదికి జారింది.

అంతలో పక్కవీధిలో ఉండే నజ్రుల్లో అనే ఆయన కొడుకు పెళ్లి. పెళ్లికొడుక్కి గడ్డం గీసే వేడుకకి గుఫ్రాన్‌నే పిలిచారు. కాదనలేకపోయాడు. డప్పు మోగుతోంది, ఆడవాళ్లు పాడుతున్నారు. కత్తి దవడ కింద జారింది. మెడకి కట్టిన తెల్లగుడ్డ మీద నెత్తురు పడింది. డప్పు ఆగిపోయింది.

"ఏం కాలేదు ఉస్తా, కానివ్వండి," అన్నాడు పెళ్లికొడుకు.

గుఫ్రాన్ చెయ్యి పైకి లేవలేదు. మిగిలిన సగం గడ్డం పెళ్లికొడుకు మేనమామ ఒకడు మెషీన్‌తో గీశాడు.

దాని గురించి వీధిలో ఎవరూ ఒక్కమాట అనలేదు. కొట్టుకి రావడం మానేశారు, అంతే. గుఫ్రాన్ మూసిన కొట్టులో చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడు. గడ్డం పెరిగిపోయింది.

"నేను గీస్తాను," అంది సవ్రినిసో.

"ఆ కత్తి నీ మాట వినదు. పిడి అరగదియ్యలేదు."

"నేను అరగదియ్యనా?"

"ఎవరి చేతికి వాళ్లే అరగదీసుకోవాలి."

"అయితే ఉన్నదాన్ని ఉన్నట్టే పట్టుకుంటాను. కదలకండి."

మొదట్లో బాగానే గాట్లు పడ్డాయి. "మణికట్టు బిగించకు, వేళ్లతో నడిపించు," అని సబ్బునురగలోంచే చెప్పేవాడు గుఫ్రాన్. "చిటికెనవేలు కీలు వెనక తోక మీద ఆనించు. నొక్కకు. దాని బరువు చాలు." వేసవి వచ్చి జల్దారు పళ్లు పండి, ఎండబెట్టడం కూడా అయిపోయింది. కొమ్ము కొంచెం కొంచెంగా పెరిగి ఒకచోట ఆగింది.

ఒకరోజు ఇలా ఇవ్వమని గుఫ్రాన్ కత్తి అందుకున్నాడు. అది వెనక్కి తూలి సబ్బునీళ్ల గిన్నెలో పడింది. సవ్రినిసో తీసి తుడిచి, తన వేలి మీద పెట్టింది. నిలబడింది. గుఫ్రాన్ దాన్ని చాలాసేపు చూశాడు.

"టీ చల్లారిపోతోంది," అంది ఆమె.

ఆ వారమే నజ్రుల్లో వచ్చి మూసిన కొట్టు తలుపు తట్టాడు. మెడంతా దద్దుర్లు.

"ఆ మెషీన్ నన్ను చంపేస్తోంది ఉస్తా. మీ గడ్డం ఎంత నున్నగా ఉందో చూస్తూనే ఉన్నా. ఎవరు గీస్తారో మీరే తేల్చుకోండి, నేను మాత్రం ఇక్కణ్ణించి కదలను."

"ఆడది మగాళ్ల గడ్డాలు గీస్తే వీధి ఊరుకుంటుందా, నజ్రుల్లో అన్నా?" అంది సవ్రినిసో.

"వీధి అనేది వీధి అంటుంది. మెడ నాది."

సవ్రినిసో భర్త వైపు చూసింది. అతను కుర్చీ వెనక వేలాడుతున్న గుడ్డ తీసి నజ్రుల్లో మెడకి కట్టబోయాడు. ముడి పడలేదు. మళ్లీ ప్రయత్నించాడు. ఆమె అతని వేళ్ల మధ్యనుంచి కొసలు తీసుకుని ముడివేసింది.

గుఫ్రాన్ వెళ్లి గోడ పక్క బల్ల మీద కూర్చున్నాడు. కత్తి చప్పుడు లేకుండా సాగుతోంది. ఊరికి కొత్తవాడొకడు తలుపులోంచి తొంగిచూసి, లోపలికొచ్చి అతని పక్కన కూర్చున్నాడు.

"తర్వాత మీ వంతా, బాబాయ్?"

"నాది అయిపోయింది," అన్నాడు గుఫ్రాన్. "నువ్వు వెళ్లు."