గడువు దాటిన మనిషి

కుళాయి దగ్గర ఎవరో "పోలమ్మా, నీ బకెట్ నిండిపోనాది" అన్నారు. నేను వెళ్ళి బకెట్ దించుకుని, వెనకున్న ఆవిడ బకెట్ పెట్టి ఇంటికి వచ్చాను. పోలమ్మ మా అక్క. మా వైపు అప్ప అంటాం. ఆ ఉదయానికి ఆమె చనిపోయి నాలుగేళ్ళు కావస్తోంది.

నా పేరు అప్పలకొండ. పుట్టింది పలాస దగ్గర ఒక పల్లెలో. రెండో ప్రపంచ యుద్ధం ఆగాక నాన్న మమ్మల్ని ఓడెక్కించి బర్మాలోని రంగూన్ తీసుకెళ్ళాడు. మా వాళ్ళంతా ఆ ఊరిని రంగం అంటారు. అప్పుడు నాకు నాలుగైదేళ్ళు. పుట్టిన ఊరు నాకు కలలో కూడా రాదు. కలలో వచ్చేవన్నీ రంగం వీధులే. నాన్న పోయాక అమ్మ అక్కడ బజారులో పకోడీల కొట్టు పెట్టింది. నేను అమ్మ పక్కన కూర్చుని శనగపిండి కలిపేదాన్ని, బర్మా వాళ్ళతో వాళ్ళ మాటల్లోనే బేరాలాడేదాన్ని. కొట్టు కట్టేసి ఇంటికి పోయేటప్పుడు డబ్బుల మూట నా నడుముకే ఉండేది. అప్పని మాత్రం ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసే నూకరాజు బావకి ఇచ్చి పంపించేశారు.

అప్ప తొలి కాన్పుకి అత్తవారి ఊరు వెళ్ళింది. పాప పుట్టిన వారానికి జ్వరమొచ్చి అక్కడే పోయింది. బావ తల్లి సింహాచలమ్మ అత్త రంగానికి కబురు పంపింది, పసిగుడ్డుని చూసుకోవడానికి మనిషి లేదు, చిన్నదాన్ని కొన్నాళ్ళు పంపమని. నాకప్పుడు పంతొమ్మిది. రంగంలో మాలాంటి వాళ్ళం ఏళ్ళ తరబడి ఉన్నా పరాయి దేశం వాళ్ళమే. ఉండడానికి ఒక కాగితం, బయటికి పోతే తిరిగి రావడానికి ఇంకో కాగితం. ఆ రెండో దానికి ఏడాది గడువు. ఆ లోపు తిరిగి అడుగుపెట్టకపోతే అక్కడ ఉండే హక్కు పోతుంది. అమ్మ ఓడ దగ్గర మళ్ళీ మళ్ళీ అదే చెప్పింది. "గుంట కాస్త ముదిరాక బేగి వొచ్చీ. గడువు దాటనీకు." కలకత్తాలో దిగాను. బావ వచ్చి రైలెక్కించుకు తీసుకొచ్చాడు.

నేను వచ్చిన నెలలోనే వాళ్ళు ట్రాఫిక్ అనే రైల్వే కాలనీ నుంచి న్యూ సెటిల్‌మెంట్ అనే ఇంకో కాలనీలో కొత్త క్వార్టర్‌కి మారారు. అక్కడెవరికీ మేం తెలియదు. ఒక మగమనిషి, అతని తల్లి, ఒక ఆడపిల్ల, ఆమె చంకలో పసిబిడ్డ. చూసిన వాళ్ళు ఏమనుకోవాలో అదే అనుకున్నారు. పాపకి విరేచనాలైతే రైల్వే ఆసుపత్రికి పరిగెత్తాం. బావ కుటుంబం పేర్లున్న కార్డు చూసి అక్కడి గుమాస్తా "పోలమ్మ, తల్లి" అని పిలిచాడు. పాప కళ్ళు తేలేస్తోంది. లేచి వెళ్ళాను. అప్ప పోయింది పల్లెలో కాబట్టి రైల్వే వాళ్ళ దృష్టిలో ఆమె పోలేదు. పేరు తీసేయించాలని బావకి తోచలేదు. తోచి ఉండదని నేను చాలాకాలం అనుకున్నాను.

ఆ రోజు తర్వాత అత్త నన్ను జనం ముందు పోలమ్మా అని పిలవడం మొదలెట్టింది. మొదట్లో పిలిచాక నా వైపు చూసి కళ్ళు దించుకునేది. కొన్నాళ్ళకి దించుకోవడం మానేసింది. ఇంకొన్నాళ్ళకి ఇంట్లో కూడా అదే పేరు. నా బట్టలు ఇక్కడి ఎండకి, బొగ్గుల పొయ్యి మసికి పాడైపోతే అత్త అప్ప పెట్టె తీసి ఇచ్చింది. జాకెట్లు నాకోసమే కుట్టినట్టు సరిపోయాయి. ఒక్క కుట్టు విప్పక్కర్లేదు, ఒక్క కుట్టు వెయ్యక్కర్లేదు. దువ్వెన పళ్ళలో అప్ప వెంట్రుకలు ఇంకా చుట్టుకుని ఉన్నాయి. తీసి పారేద్దామని లాగితే, వాటితోపాటు నావీ వచ్చాయి. ఏవి ఎవరివో తేల్చుకోలేక ఆ వెంట్రుకల ఉండని చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

పుస్తెలు కూడా అలాగే వచ్చాయి. పూరీ గేట్ దగ్గర ఎవరో నా బోసి మెడ చూసి అత్తని అడిగారట. ఇంటికొచ్చి అత్త ఒక గుడ్డముడి విప్పింది. "జనం కోసమే. నీ అప్పవే కదా, పరాయివా?" అంది. దహనానికి ముందు అప్ప మెడలోంచి తీసినవి. మంత్రం లేదు, మేళం లేదు, బావ ఇంట్లో కూడా లేడు. పిండి రుబ్బుతున్న చేతులు కడుక్కోనివ్వకుండానే వెనకనుంచి మెడలో వేసేసింది. చల్లగా తగిలాయి. ఎంతసేపటికీ ఒంటి వేడికి వేడెక్కలేదనిపించింది.

గడువు దగ్గరపడుతోందని బావకి చెప్పాను. "పాపకి పళ్ళొస్తన్నాయి, వొచ్చే నెల సూద్దాం" అన్నాడు. వచ్చే నెల అడిగితే "అమ్మకి మోకాళ్ళు పట్టేసినాయి, ఇల్లెవలు సూస్తారు?" అన్నాడు. ఆ పై నెల నేను అడుగుతుంటే విననట్టు చొక్కా వేసుకుని సైకిలెక్కాడు. కలకత్తా ఎంతో దూరం లేదు. కానీ రైలెక్కాలంటే బావ తెచ్చే రైల్వే పాసు కావాలి, అందులో ఉన్నది అప్ప పేరు. టిక్కెట్టు కొందామంటే, రంగంలో డబ్బుల మూట కట్టుకున్న ఆ నడుముకి ఇప్పుడు ఒక్క బిళ్ళ లేదు. పొద్దున్నే బొగ్గులు రాజేసి, కేరియర్ కట్టి, పాపకి నీళ్ళు పోసి, అత్త కాళ్ళకి నూనె రాసి, గిన్నెలు తోమి, మళ్ళీ బొగ్గులు రాజేసే ఆ పనికి ఎవరూ ఎన్నడూ నా చేతిలో ఏమీ పెట్టలేదు. పెట్టాలని ఎవరికీ అనిపించలేదు. పెళ్ళాం చేసే పనికి ఎవరిస్తారు? నేను పెళ్ళాన్ని కాదన్న సంగతి, ఆ పని దగ్గరకొచ్చేసరికి నాకే గుర్తుండేది కాదు.

గడువు తేదీ కూడా వచ్చింది. పొద్దున్నే లేచి ఏదో పగిలిపోతుందన్నట్టు ఎదురుచూశాను. వర్క్‌షాపు కూత కూసింది. బావ వెళ్ళాడు. బియ్యం ఏరాను. సాయంత్రం కూత కూసింది. బావ వచ్చాడు. అంతే. నేను పెరిగిన ఊరు చప్పుడు లేకుండా నా వెనక తలుపేసుకుంది. ఆ వారంలోనే అత్త తన పక్క నడవలోకి మార్చుకుంది. లోపలి గదిలో పాప, నేను, బావ. నేను ఏదో అనబోతే బావ గోడవైపు చూస్తూ అన్నాడు. "నీ కాయితం సచ్చిపోనాది. ఇక్కడా నీకు కాయితం లేదు. అడిగితే పోలీసోలు ఏ దేశం మనిషివంతారు. పోలమ్మ పేరుంటే భద్రం. ఊరంతా నా పెళ్ళామనే అనుకుంతన్నాది. మరింక ఏటి?" భద్రం అన్న మాట ఆ గదిలో ఎంత చల్లగా వినపడిందో ఇప్పటికీ చెప్పలేను.

ఇంకొకటి జరిగేది. చెబితే పిచ్చిదనుకుంటారని ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం అత్త, పాప నిద్రపోయాక, కాలనీ అంతా సద్దుమణిగాక, పెరట్లోంచి ఎవరో "అప్పలకొండా" అని పిలిచేవారు. మెల్లగా, పని మధ్యలో చెల్లెల్ని సాయానికి పిలిచినట్టు. వెళ్ళి చూస్తే ఆరేసిన బట్టలు తప్ప ఎవరూ ఉండేవారు కాదు. అది అప్ప గొంతు. మొదటిసారి భయంతో తలుపు గడియ పెట్టాను. తర్వాత తర్వాత ఆ వేళ కోసం పనులు ముగించుకుని గుమ్మంలో కూర్చునేదాన్ని. ఆ ఊరు మొత్తానికి నన్ను నా పేరుతో పిలిచేది ఆ చచ్చిపోయిన మనిషి ఒక్కతే.

అరవై నాలుగులో నాకు నెల తప్పింది. ఐదో నెలలో ఆసుపత్రికి వెళ్తే నర్సు కార్డు చూసి, "రెండో కాన్పు. మొదటిది మామూలుగానే అయిందా?" అని హిందీలో అడిగింది. మొదటి కాన్పుకే అప్ప పోయింది. నేను తలూపాను. అక్కడ ఆయాగా పనిచేసే ఎలీసమ్మ నన్ను పక్కకి లాగింది. ఆమెది ట్రాఫిక్‌లో అప్ప వాళ్ళ పాత పక్కిల్లు. "నన్ను మోసం సెయ్యలేవు. ఇక్కడికొచ్చినాక పోలమ్మ ఎడం సెంప కాలి మచ్చ పడ్డాది. నువ్వు సెల్లివి కదూ?" అంది. "నీకిది తొలిసూలు. ఈలు రెండోదనుకుని ఒదిలేస్తారు. ఏదైనా అయితే కాయితంలో సచ్చిపోయేది ఎవలు? పోలమ్మే. నువ్వు పుట్టినట్టూ ఉండదు, పోయినట్టూ ఉండదు." ఇంటికి నడుస్తుంటే పొట్టలో బిడ్డ కదిలింది. చచ్చిపోయిన మనిషికి పుట్టబోతున్న బిడ్డ.

ఆ రోజుల్లోనే రంగంలో కొట్లన్నీ పోయి మన వాళ్ళు ఓడల్లో తిరిగొస్తున్నారని విన్నాం. అమ్మ సంగతేమిటో తెలియలేదు. ఒకరోజు పొద్దుటిపూట నేను వెనక వసారాలో బియ్యం కడుగుతుంటే వీధి వైపు మాటలు వినిపించాయి.

"నూకరాజు కోటరు ఇదేనేటమ్మా? మా అప్పలకొండ ఉన్నాదా?"

ప్రాణం లేచొచ్చింది. అమ్మ గొంతు. లేవబోయాను. ఈలోగా పక్కింటి సుజాతమ్మ జవాబిస్తోంది. "అప్పలకొండా? ఆ పేరు గలోలు ఈ లైన్లో ఎవలూ లేరు. నూకరాజు పెళ్ళాం పోలమ్మ. ఇప్పుడే సూసినాను, ఇంట్లోనే ఉన్నాది."

నా చేతులు బియ్యంలోనే ఉండిపోయాయి. అప్పుడు గుమ్మంలోంచి, గాలి కూడా కదలనంత మెల్లగా, ఒక పిలుపు.

"పోలీ?"

"ఆఁ, వొస్తన్నాను" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. అలవాటు పలికింది. బయటికి వెళ్ళేసరికి అమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. సగమైపోయింది. నా ఒంటి మీద అప్ప చీర, మెడలో అప్ప పుస్తెలు, కొంగు పట్టుకుని అప్ప కూతురు. అమ్మ ముఖంలో భయం ఉంటుందనుకున్నాను. లేదు. సంతోషం ఉంది. అది చూసి నాకు భయమేసింది. రెండు చేతులతో నా ముఖం తడిమింది. "బతికే ఉన్నావేటమ్మా... నాకు అబద్ధం సెప్పినారు. నా పెద్దగుంట బతికే ఉన్నాది." ఏడుస్తూ నవ్వింది. నవ్వి, నా భుజం మీదుగా ఇంట్లోకి తొంగి చూసింది. వంటింటివైపు, పెరటివైపు. "మరి సిన్నదేదీ? నాను ఓడెక్కించి పంపినాను కదా. అప్పలకొండ ఏదీ?"

"అమ్మా, నానే అప్పలకొండని" అన్నాను. ఆమె నన్ను చూస్తూనే ఇంకా ఇంట్లోకి వెతుకుతోంది. నేను బర్మా మాటల్లో, కొట్టు దగ్గర మేమిద్దరం మాట్లాడుకునే మాటల్లో చెప్పాను. అప్పుడు ఆమె చేతులు నా ముఖం మీద ఆగిపోయాయి. అప్ప రెండోసారి చనిపోవడం అమ్మ కళ్ళలో చూశాను.

అత్త గదిలోంచే అంది. "పేరుదేటమ్మా? పిలిస్తే పలకడానికే కదా. తిండికి తక్కువైనాదా, గుడ్డకి తక్కువైనాదా నీ కూతురికి?" విశాఖపట్నంలో ఓడ దిగినవాళ్ళ క్యాంపులో అమ్మకి రంగం నుంచి తిరిగొచ్చిన మనిషని కాగితం ఇచ్చారట. "నీ సంగతీ అడిగినాను. ముందే వొచ్చేసినోలు ఈ లెక్కలోకి రారన్నారు" అంది నాతో. ఆ లెక్కలోనూ నేను లేను. అలా విన్నాక నాకు వింతగా నిబ్బరం వచ్చింది. ఇంక పోగొట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు.

రెండు వారాల్లో అప్ప పోయిన తిథి. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఆ ఇంట్లో అప్పకి ఒక విస్తరి వెయ్యలేదు. ఎలా వేస్తారు? విస్తరి ఎవరికి వెయ్యాలో, ఎవరు వడ్డించాలో, ఆ ఇద్దరి పేరూ ఒకటే అయిపోయాక. ఆ ముందురోజు బావ డ్యూటీకి వెళ్ళాక బొట్టు పెట్టుకుని, పాప చెయ్యి పట్టుకుని మా లైన్లో ప్రతి గుమ్మం ఎక్కాను. మొదట సుజాతమ్మ దగ్గరికే వెళ్ళాను.

"రేపు మా ఇంట్లో దినం. భోజనానికి రండి."

"ఎవలిది పోలమ్మా?"

"పోలమ్మదే. మా అప్ప. ఈ పాప తల్లి. పోయి నాలుగేళ్ళయినాది. నాను అప్పలకొండని, రంగం నుంచి పాపని సూడ్డానికొచ్చినాను."

సుజాతమ్మ చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. ఆమె నా కాళ్ళ వైపు చూసింది, నేలకి ఆనుతున్నాయో లేదో అన్నట్టు. తర్వాతి ఇంట్లో ఒక ముసలావిడ తలుపు సగం మూసింది. ఇంకో ఇంట్లో బెంగాలీ దీదీ అర్థం కాక నవ్వి, అర్థమయ్యాక పిల్లల్ని లోపలికి పంపింది. ఒక్కో గుమ్మంలో నా పేరు చెబుతుంటే మొదట్లో గొంతు ఎవరిదో అనిపించింది. చివరి ఇంటికి వచ్చేసరికి నాదే అయింది.

సాయంత్రం బావ సైకిల్ గోడకి కొట్టాడు. "పేరు దాసినానని తెలిస్తే ఉద్యోగం పోద్ది. కోటరు పోద్ది. రోడ్డున పడతాం. పాప మొకమైనా సూడవేటి?" అన్నాడు. అతని గొంతులో కోపం కన్నా బెదురే ఎక్కువ ఉంది. నాలుగేళ్ళలో మొదటిసారి అతను నా కళ్ళలోకి చూసి మాట్లాడాడు. నేను పాప ముఖమే చూశాను. అప్ప పేరు దాచుకునే ఇంట్లో పెరిగే పిల్ల ఏమవుతుందో ఆలోచించాను. ఇంకా పుట్టని దాని గురించీ ఆలోచించాను. పప్పు నానబోశాను.

మర్నాడు ఎవరూ రారనుకున్నాను. ముందు ఎలీసమ్మ వచ్చింది, కాయగూరల సంచీతో. తర్వాత సుజాతమ్మ వచ్చింది. ఆమె వెనకే మిగతావాళ్ళు, భయమో కుతూహలమో, ఒకరిద్దరుగా వచ్చారు. అమ్మ పెద్దకూతురికి విస్తరి వేసి, అప్పకి ఇష్టమైనవన్నీ వడ్డించి, పెద్దగా పేరు పెట్టి ఏడ్చింది. అత్త గోడకి ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ ఏడుపు చేసిన తప్పుకి కాదు, పోయిన కోడలికి. ఆమె కూడా ఆ మనిషి కోసం అప్పటిదాకా ఏడవలేదని నాకు అప్పుడే తెలిసింది. నేను పుస్తెలు తీసి అప్ప విస్తరి పక్కన పెట్టాను. ఆ మధ్యాహ్నం పెరట్లోంచి ఎవరూ పిలవలేదు.

అందరూ వెళ్ళాక చెప్పాను, కాన్పు దాకా ఎలీసమ్మ ఇంట్లో ఉంటానని, అమ్మ, పాప నాతో వస్తారని, ఆసుపత్రిలో నా పేరు నేనే చెప్పుకుంటానని. బావ పెరటి గుమ్మంలో కూర్చున్నాడు, తిన్న చెయ్యి కడుక్కోకుండా. అది ఎండిపోయి ఉంది.

"ఆఫీసులో పిలిచి అడిగితే నాను ఏటి సెప్పాల?" అన్నాడు.

చెంబుతో నీళ్ళు అతని పక్కన పెట్టాను.

"నీ పెళ్ళాం సచ్చిపోనాదని సెప్పు" అన్నాను.